డిప్యుటేషన్ మీద వచ్చిన తలుపు

మా ఊరి సామాజిక భవనం తలుపుకి వేసవి సెలవులు ఉంటాయి. ఈ మాట పొరుగూళ్ళో చెబితే నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళ ఊళ్ళో తలుపులు ఉట్టి తలుపులు. మాది ప్రభుత్వ సేవలో ఉన్న తలుపు. దానికి సర్వీసు ఉంది, సీనియారిటీ ఉంది, మాతృశాఖ ఉంది. నాకు లేని గౌరవం ఒక తలుపుకి ఉందని చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు. తుమ్మలేరు పురపాలక సంఘంలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఇన్నేళ్ళు పనిచేసినవాడికి సిగ్గు ఎప్పుడో అరిగిపోతుంది.

ముందు గంగరత్నం గురించి చెప్పాలి. మా ఆఫీసు ఎదురుగా ఆవిడ టిఫిను బండి ఉంది. రైస్‌మిల్లు కాలనీలో మా ఇంటికి మూడో ఇల్లు. మా కాలనీలో పెళ్ళయినా, పేరంటమైనా రోడ్డు మీదే. షామియానా వేసుకోవడం, లారీ వస్తే గుంజలు పీకి దారివ్వడం, లారీ వెళ్ళాక మళ్ళీ పాతుకోవడం. గంగరత్నం పెద్దకూతురి పెళ్ళిలో సరిగ్గా జీలకర్రా బెల్లం వేళకి ఇసక లారీ ఒకటి వచ్చింది. డ్రైవరు హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. పెళ్ళికొడుకు పీట ఇటూ, పెళ్ళికూతురి పీట అటూ లాగితే, లారీ ఆ మధ్యలోంచి వెళ్ళిపోయింది. తలంబ్రాల్లో ఇసక కలిసింది. ఆ తర్వాత పోలీసులు రోడ్డు మీద షామియానాలే వెయ్యకూడదన్నారు.

ఆనాటి నుంచీ గంగరత్నం మా ఆఫీసువాళ్ళకి ఇడ్లీ పెడుతూ, చట్నీ వేస్తూ, “బాబూ, మా కాలనీకో హాలు” అనడం మొదలుపెట్టింది. అటెండరుకీ అదే మాట, ఛైర్మన్ గారికీ అదే మాట. ఆ మాట వినకుండా తుమ్మలేరులో ఇడ్లీ తినడం కుదిరేది కాదు. పాపం, ఆవిడ అడిగింది పెద్ద కోరికేం కాదు. ఒక కప్పు, ఒక గుమ్మం. చిన్నకూతురు నాగదుర్గ పెళ్ళన్నా గుమ్మం ఉన్న చోట జరగాలని.

ఎట్టకేలకు హాలు మంజూరైంది. అదే వారంలో మా కమిషనర్ ముక్తేశ్వరరావు గారు రాజధానిలో ఒక శిక్షణకి వెళ్ళి వచ్చారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి అడ్డు చెప్పలేదు, ఇంకాస్త పెద్ద వరం ఇస్తానన్నాడు. అదీ వచ్చిన చిక్కు.

శిక్షణ పేరు చక్రీయ ఆర్థిక విధానం. దేన్నీ పారెయ్యకూడదు, పాత భవనంలో కలపా, ఇనుమూ, రాయీ తీసి కొత్త భవనానికి వాడాలి అని సారాంశం. మంచి మాటే, నేను కాదనను. మా నాయనమ్మ పాతచీరని బొంత చేసేది, బొంత చిరిగితే మసిగుడ్డ చేసేది, అది కూడా పీలికలైతే దీపం కిందికి ఒత్తి పేనేది. ఆవిడకి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

అప్పటికి ఊళ్ళో పాత సబ్‌జైలూ, పాత మున్సిఫ్ కోర్టూ, పాత ఆసుపత్రీ పడగొడుతున్నారు. కొత్తవి ఊరి బయట కట్టేశారు. జైలు గేటు తుప్పు పట్టని ఇనుము. కోర్టు తలుపు బర్మా టేకు. ఆసుపత్రి బల్లలు ఎంతమంది కూర్చున్నా కిర్రుమనలేదు. నేను వాటితో అంచనా తయారుచేసి, దూలాలు ఇక్కడ, కిటికీలు అక్కడ అని గీసి, చక్కగా పట్టుకెళ్ళాను. కమిషనర్ గారు చాలాసేపు చూశారు. ఆయన సన్నగా, శుభ్రంగా, ఎప్పుడూ ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టు ఉంటారు. ఒక్క పైసా తిన్న మనిషి కాదు. నిబంధన అంటే ప్రాణం.

“ఈ జైలు గేటు తెచ్చి హాలుకి పెడితే దీని హోదా ఏమవుతుంది?” అని అడిగారు.

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా చెప్పారు. పాత వస్తువుని మళ్ళీ వాడేటప్పుడు దాని విలువ తగ్గకూడదని శిక్షణలో మరీ మరీ చెప్పారట. తలుపుని కోసి స్టూలు చేస్తే విలువ తగ్గినట్టు. మరి మనుషుల్ని లోపల పెట్టగల గేటుని తెచ్చి, అరటి చెట్లు కట్టుకునే గేటుగా మారిస్తే తగ్గినట్టా, కాదా? న్యాయస్థానం తలుపుని తెచ్చి కందిపప్పు గదికి పెడితే? గుమాస్తాగా చేరి కమిషనర్ దాకా ఎదిగిన మనిషికి తెలిసిన విలువ హోదా ఒక్కటే. హోదా తగ్గకుండా ఒక శాఖ నుంచి ఇంకో శాఖకి వెళ్ళడానికి ప్రభుత్వంలో ఉన్న దారి కూడా ఒక్కటే. ఆయన ఆ దారి పట్టారు. రెండు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది.

“విషయం: తుమ్మలేరు పురపాలక సంఘం — చక్రీయ సామాజిక భవనం — పునర్వినియోగ సామగ్రి — డిప్యుటేషన్‌పై స్వీకరణ — మార్గదర్శకములు — జారీ చేయుట గురించి. సదరు సామగ్రి తమ మాతృశాఖల నియమ నిబంధనలకు లోబడి, పూర్వ హోదాకు ఎట్టి భంగమూ వాటిల్లకుండా, యథాపూర్వం సేవలు కొనసాగించవలెను. మాతృశాఖల అధికారములను స్థానికంగా నోడల్ అధికారి చెలాయించవలెను.”

నోడల్ అధికారి నేనే. నోడల్ అంటే ఏమిటని మా మేనేజరు గారిని అడిగాను. ఏదైనా జరిగితే నిన్ను అడుగుతారని అర్థం అన్నారు.

సామగ్రి ఒక్కొక్కటే వచ్చి విధుల్లో చేరింది. గేటు పొద్దున్నే వచ్చింది కాబట్టి పూర్వాహ్నం అని రాశాం. తలుపు తెచ్చిన ట్రాక్టరు టైరు పంక్చరై ఆలస్యమైంది, దానికి అపరాహ్నం అని రాశాం. డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్ళని ఒంటరిగా పంపకూడదని ఆయా శాఖలు మనుషుల్ని కూడా ఇచ్చాయి. గేటుతో హెడ్ వార్డరు సింహాద్రి వచ్చాడు. మీసాలు పెద్దవి, మనసు మెత్తన. తలుపుతో కోర్టు బంట్రోతు కోదండం వచ్చాడు. మనిషి పీలగా ఉంటాడు గానీ గొంతు ఊరవతలకి వినిపిస్తుంది. ఆసుపత్రి బల్లలతో ఎవరూ రాలేదు. ‘రోగులకు మాత్రమే’ అనే బోర్డు వచ్చింది.

ప్రారంభోత్సవం ఏప్రిల్‌లో పెట్టారు. ప్రాంతీయ సంచాలకులు వచ్చారు. పది గంటలకని పిలిచాం, ఆయన పాపం పదికే వచ్చారు. కోర్టు తలుపు పదిన్నరకి గానీ తెరుచుకోదు. ఎండలో నిలబెట్టాం. పదిన్నరకి కోదండం తలుపు తీసి, గుమ్మంలో నిలబడి, సంచాలకుల పేరూ, వారి తండ్రి గారి పేరూ కలిపి “హాజర్, హాజర్, హాజర్” అని మూడుసార్లు కేక పెట్టాడు. సంచాలకులు ఉలిక్కిపడి చేతులు కట్టుకుని లోపలికి వెళ్ళారు. కూర్చోబోతే బల్ల మీద బోర్డు. ఏదో ఒక జబ్బు చెప్పమని నేను చెవిలో చెప్పాను. ఆయన మొహమాటపడి, కొంచెం అజీర్తి ఉంటుంది అన్నారు. కూర్చోబెట్టాం.

అంతా అయ్యాక ఆయన మైకు పట్టుకుని, ఈ రాష్ట్రంలో పదార్థానికి ఇంత గౌరవం ఇచ్చిన పురపాలక సంఘం ఇంకొకటి లేదనీ, దీన్ని ఆదర్శ నమూనాగా పైకి సిఫారసు చేస్తాననీ అన్నారు. కమిషనర్ గారి కళ్ళు చెమర్చాయి. చప్పట్లు కొట్టాం.

ఆ సంబరంలో బాధపడ్డవాడు సింహాద్రి ఒక్కడే. సాయంత్రం కమిషనర్ గారి దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. “తలుపుకి పని దొరికిందండి, బల్లలకీ దొరికిందండి. నా గేటే ఉట్టినే ఉందండి. లోపల ఒక్క ముద్దాయి లేడండి. ఇది డిమోషనే కదండీ,” అన్నాడు. కమిషనర్ గారి మొహం వాడిపోయింది. నిజమే కదా అనుకున్నట్టున్నారు. పరిశీలించబడును అని రాసి సంతకం పెట్టారు.

నాగదుర్గ పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు వీరబాబు చేపల వ్యాను నడుపుతాడు, బుద్ధిమంతుడు. నాగదుర్గ మందుల షాపులో చేస్తుంది, డాక్టరు రాసిన చీటీ డాక్టరుకన్నా బాగా చదువుతుంది. పంతులు గారు ఇద్దరి నక్షత్రాలూ చూసి మే నెలలో పగటి ముహూర్తం పెట్టారు. గంగరత్నం నా దగ్గరికి వచ్చి, హాలు ఖాయం చేసుకోవచ్చా బాబూ అంటే, నేను పూచీ, శుభలేఖలు వేయించుకో అన్నాను. ఆవిడ శుభలేఖలో వేదిక అనే మాట కింద భవనం పేరు పెద్ద అక్షరాలతో వేయించింది. వధూవరుల పేర్లు కాస్త చిన్నవి. మా ఆఫీసులో అందరికీ, ఆఖరికి మీటర్లు చూసే కుర్రాడికి కూడా, ఇడ్లీ ప్లేటు కింద పెట్టి శుభలేఖ ఇచ్చింది.

పెళ్ళిళ్ళన్నీ మేలోనే వస్తాయి. కోర్టులకి వేసవి సెలవులూ మేలోనే వస్తాయి. ఈ రెండూ ఊరందరికీ తెలుసు. రెండిటినీ కలిపి ఆలోచించిన వెధవ మాత్రం ఒక్కడూ లేడు, నాతో సహా.

పెళ్ళి వారంలో ఉందనగా కోదండం తలుపు మూసి, తాళం వేసి, లక్క ముద్ర కొట్టి, నాకు నమస్కారం పెట్టాడు. తలుపు సెలవు మీద వెళ్తోందండి, మళ్ళీ జూన్‌లోనే అన్నాడు. నేను పరుగెత్తుకుంటూ కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన విషయం అంతా సానుభూతితో విన్నారు.

“సెలవులో ఉన్న ఉద్యోగిని విధుల్లోకి పిలిస్తే, అన్ని రోజుల సెలవు అతని ఖాతాలో జమ చెయ్యాలి కదయ్యా. తలుపుకి మనం లీవు ఖాతా తెరవలేదే,” అన్నారు.

తెరవండి అన్నాను. తలుపు సర్వీసు పుస్తకం కోర్టులో ఉంది, కోర్టుకి సెలవులు అన్నారు. పక్క కిటికీ తీసి పంపుదామన్నాను. పెళ్ళికూతురు కిటికీ దూకి రావడం సభ్యత కాదన్నారు. అదీ నిజమే.

ఈ సంగతి గంగరత్నానికి నేనే చెప్పాల్సి వచ్చింది. ఊళ్ళో ఫంక్షను హాళ్ళన్నీ ఏడాది కిందటే పట్టేసుకున్నారు. రోడ్డు మీద పోలీసులు ఒప్పుకోరు. ఆవిడ బండి దగ్గర గరిటె పట్టుకుని నిలబడి అంతా విన్నది. పెనం మీద అట్టు మాడుతోంది, తిప్పలేదు.

“పెద్దదానికేమో పీటల మద్దెనించి లారీ పోయింది. చిన్నదానికేమో తలుపు సెలవెట్టింది,” అంది. “మా పిల్లల పెళ్ళంటే గవర్నమెంటుకి ఎందుకు బాబూ అంత కోపం?”

ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది. పూచీ పడ్డవాణ్ణి నేను. రేపు ఆ అమ్మాయి పెళ్ళి ఆగితే కాలనీలో నేను ఏ మొహంతో తిరగను? అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయాను.

కోదండాన్ని బతిమాలడానికి టీ కొట్టుకి తీసుకెళ్ళాను. రెండు టీలూ, ఒక ఉల్లిపాయ పకోడీ పొట్లమూ అయ్యాయి. వాడు పకోడీ తిన్నాడు గానీ తాళం ఇవ్వలేదు. లేచి వెళ్తూ మాత్రం ఒక మాటన్నాడు.

“సెలవులైనా అర్జెంటు కేసులుంటాయి కదండీ. లోపలున్నోడు బెయిలడిగితే తియ్యాల్సిందేనండి. అది రూలండి,” అన్నాడు.

లోపలున్నోడు. నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. తర్వాత లేచి సింహాద్రిని వెతుక్కుంటూ వెళ్ళాను.

పెళ్ళినాడు పొద్దున్నే సన్నాయి మేళంతో పెళ్ళివారు గేటు దగ్గరికి వచ్చారు. వాకిట్లో అరటి చెట్లు కట్టలేదు, గేటు హోదాకి తగదని. సింహాద్రి ఉతికిన యూనిఫారం వేసుకుని అడ్డంగా నిలబడ్డాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళయితే ఇద్దరిద్దర్నే వదులుతాననీ, ఆ ఇద్దరూ బయటికొచ్చాకే ఇంకో ఇద్దరనీ చెప్పాడు. పెళ్ళికొడుకు మేనమామ ఆ లెక్కన ఆఖరి బంతికి మనవలు పుడతారని చిరాకుపడ్డాడు.

“ముద్దాయిలైతే ఎంతమందైనా పర్లేదండి,” అన్నాడు సింహాద్రి. “జాగా లేదని ఇప్పటిదాకా ఎవర్నీ ఎనక్కి పంపలేదండి.”

నేను ముందే కాలనీవాళ్ళకి చెప్పి ఉంచాను కాబట్టి వాళ్ళు గొడవ చెయ్యలేదు. మగపెళ్ళివారికి సర్దిచెప్పడానికి కాస్త టైము పట్టింది. చివరికి వాళ్ళూ వరసలో నిలబడ్డారు. సింహాద్రి ఒక్కొక్కళ్ళనీ పేరు అడగడం మొదలుపెట్టాడు. పెళ్ళికొడుకు వంతు రాగానే ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. గుమ్మం దగ్గర ఆపి పేర్లు చెప్పించే వేడుక ఇదే అనుకున్నారు. ‘అలా కాదు, ఆవిడ పేరు కూడా చెప్పు’ అని ఆడపడుచు పట్టుబట్టింది. వీరబాబు సిగ్గుపడుతూ, నేనూ నాగదుర్గా వచ్చామండి అన్నాడు. సింహాద్రి అలాగే రాసుకున్నాడు.

నేరం ఏమని రాయాలో అన్న దగ్గర చిక్కొచ్చింది. ఇంతమంది ఒకచోట చేరారు కదా, గుంపుగా చేరడం అని అందరికీ ఒకటే రాయమన్నాను. సన్నాయి వాళ్ళకి అదనంగా శబ్దం చెయ్యడం అని రాశాడు. పంతులు గారు తన మీద ఏ నేరం రాస్తారో అని కంగారుపడ్డారు. ప్రేరేపించడం అని రాశాడు.

ముద్దాయిల దగ్గర విలువైనవి ఉండకూడదు. ఫోన్లు, బెల్టులు, ఉంగరాలు, సన్నాయిలు, డోళ్ళు, పంతులు గారి రాగి చెంబు, అన్నీ రేకు పెట్టెలోకి వెళ్ళాయి. నాగదుర్గ మెడలో గొలుసు తీసి ఇచ్చింది. ఆఖర్న పెళ్ళికొడుకు తల్లి పసుపు గుడ్డలో కట్టిన మంగళసూత్రాలు బయటికి తీసింది. సింహాద్రి కళ్ళకద్దుకుని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. విడుదలప్పుడే తిరిగి ఇస్తానన్నాడు. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

అలా ఊరంత పెళ్ళీ ఆవరణలోకి వెళ్ళింది. గేటు మూసుకుంది. సింహాద్రి తాళం వేసి, లోపలున్న జనాన్ని చూసి, ఒక్క క్షణం కళ్ళు తుడుచుకున్నాడు. గేటుకి పూర్వవైభవం వచ్చేసింది. వరండాలో ఆసుపత్రి బల్లల మీద పెద్దవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళకి బోర్డు అడ్డు రాలేదు. మా కాలనీలో నలభై దాటినవాళ్ళలో బీపీయో, షుగరో లేనివాడు లేడు.

ముహూర్తం దగ్గరపడుతోంది. తలుపు మాత్రం మూసే ఉంది. అందరి తరఫునా బెయిలు అడిగాను. కోదండం తల ఊపి, జామీను ఎవరండీ అన్నాడు. జామీనుదారు లోపలున్నవాడు కాకూడదు, బయటివాడై ఉండాలి, ఊళ్ళో స్థిరాస్తి ఉండాలి. నేను చుట్టూ చూశాను. ఊళ్ళో ఆస్తి ఉన్నవాళ్ళంతా లోపలే ఉన్నారు. బయట రోడ్డు పక్కన గాడిపొయ్యి దగ్గర వంట చూసుకుంటూ గంగరత్నం ఒక్కతే ఉంది. ఆవిడకున్న ఆస్తి టిఫిను బండి. దానికి నాలుగు చక్రాలు, అందుకని అది స్థిరం కాదన్నాడు కోదండం. కాలనీ ఇల్లో అంటే, దానికి పట్టా ఇంకా ఇవ్వలేదు. ఇవ్వాల్సింది మేమే.

సరిగ్గా అప్పుడు కమిషనర్ గారి జీపు వచ్చి ఆగింది. శుభలేఖ పుచ్చుకుని, చేతిలో రంగు కాగితం చుట్టిన గోడ గడియారంతో దిగారు. ఆయనకి పార్కు వీధిలో డాబా ఇల్లుంది.

గంగరత్నం పప్పు గరిటెతోనే వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఆవిడ ఏడవలేదు, దణ్ణం పెట్టలేదు.

“బాబూ, రూలు మీరే రాశారంట. ఆ రూలు పెకారం నా పిల్ల పెళ్ళికి ఒక్క సంతకం కావాలంట. పెట్టండి,” అంది.

కమిషనర్ గారు ఉత్తర్వు కాపీ జేబులోంచి తీసి చదువుకున్నారు. ఆయన దాన్ని ఎప్పుడూ దగ్గరే ఉంచుకుంటారు. ఎక్కడా తప్పు కనబడలేదు. గేటు నిండా ముద్దాయిలు, తలుపు ముందు అర్జీలు, బల్లల మీద రోగులు. ఆయన కలలో కూడా చూడనంత సక్రమంగా ఉంది అంతా. గడియారం జీపు బానెట్ మీద పెట్టి, పిలిచినప్పుడు వీళ్ళంతా హాజరవుతారని హామీ ఇస్తూ, పెళ్ళివాళ్ళందరికీ కలిపి జామీను సంతకం పెట్టారు. నోడల్ అధికారిగా నేను బెయిలు మంజూరు చేశాను. తరువాతి సోమవారం అందరూ మళ్ళీ గేటు దగ్గర హాజరు కావలెనని షరతు రాశాను. షరతు లేకుండా బెయిలు ఉండదని కోదండమే చెప్పాడు.

లక్క ముద్ర పగిలింది. బర్మా టేకు తలుపు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. కోదండం గుమ్మంలో నిలబడి, ఎన్నడూ లేనంత గట్టిగా, “నాగదుర్గ హాజర్, హాజర్, హాజర్,” అన్నాడు. నాగదుర్గ కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళింది. తర్వాత వీరబాబు. రేకు పెట్టె తెరిచారు. సన్నాయి వాళ్ళు పెట్టెలోంచి తీసిన డోలు తీసినట్టే వాయించడం మొదలుపెట్టారు. పసుపు గుడ్డ చేతులు మారి మారి వెళ్ళి వేళకి పీటల దగ్గరికి చేరింది.

జీలకర్రా బెల్లం పెట్టుకుంటుంటే గంగరత్నం గుమ్మం పట్టుకుని నిలబడి, మాటిమాటికీ రోడ్డు వైపు చూసింది. లారీ ఒకటి వచ్చింది. బయటి నుంచే వెళ్ళిపోయింది. ఆవిడ అప్పుడు ఏడ్చింది, ఆ టేకు తలుపుకి చెంప ఆనించి. నేను పక్కకి తిరిగి, పొగ పడిందని కళ్ళు తుడుచుకున్నాను.

భోజనాలు బ్రహ్మాండంగా జరిగాయి. కమిషనర్ గారు రెండుసార్లు పనసపొట్టు కూర అడిగి వేయించుకున్నారు.

సోమవారం వచ్చింది. కోదండం గేటు బయట నిలబడి ఒక్కొక్క పేరే మూడేసిసార్లు పిలవడం మొదలుపెట్టాడు. కాలనీవాళ్ళం కొందరం వెళ్ళాం. మగపెళ్ళివారు ఒక్కరూ రాలేదు. ఎందుకొస్తారండీ? భోజనం లేకుండా పెళ్ళివారు రెండోసారి వచ్చిన చరిత్ర మా జిల్లాలో లేదు. సాయంత్రానికి కోదండం గొంతు పోయింది. సింహాద్రి మొహమాటపడుతూనే, ముద్దాయిలు రాకపోతే జామీనుదారు బాధ్యుడనీ, గేటు నియమం అదేననీ నాతో అన్నాడు. నోడల్ అధికారిని కాబట్టి ఆయన్ని లోపల పెట్టమనే కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేనే.

నేను కమిషనర్ గారి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఒక్క వాక్యం అండి, గేటు గేటుగానూ తలుపు తలుపుగానూ పనిచేయవలెను అని సవరణ ఇచ్చెయ్యండి, అందరం బయటపడతాం అన్నాను. ఆయన గేటు ఊచ మీద చెయ్యి వేశారు.

“నా కోసం సడలిస్తే దాని హోదా ఏం కావాలయ్యా?” అన్నారు. చేతి గడియారమూ, కళ్ళజోడూ సింహాద్రికి అప్పజెప్పి లోపలికి నడిచారు.

ఆయన్ని బయటికి తేవడానికి నియమం ప్రకారం జామీను కావాలి. ఊళ్ళో ఆస్తిపరులందర్నీ అడిగాను. విచిత్రంగా అందరికీ ఆ వారమే ఊళ్ళెళ్ళే పనులు పడ్డాయి, ఆయన చేతి మీదుగా బిల్లులు తీసుకున్న కాంట్రాక్టర్లతో సహా. నాకు చూస్తే అద్దె ఇల్లు. గంగరత్నం ఇస్తాననే వచ్చింది గానీ ఆవిడ ఇంటి పట్టా మీద కమిషనర్ సంతకం కావాలి. తన బెయిలుకి పనికొచ్చే కాగితం మీద ముద్దాయి సంతకం చెల్లదని కోదండం సైగలతో చెప్పాడు.

అందుకని ప్రస్తుతానికి ఆఫీసు అక్కడే నడుస్తోంది. ఫైళ్ళు ఊచల్లోంచి వెళ్తాయి, ఊచల్లోంచి వస్తాయి. ఆయనకి పెద్ద బాధేమీ లేనట్టే ఉంది. గేటుకి నిండుదనం వచ్చిందని సంచాలకులకి నివేదిక కూడా పంపారు. ఆదర్శ నమూనా అవార్డు వస్తే తీసుకోవడానికి రెండు గంటలు పెరోల్ ఇవ్వవచ్చునా అని నా అభిప్రాయం కోరుతూ ఒక ఫైలు వచ్చింది. పరిశీలనలో ఉంది.

గంగరత్నం రోజూ పొద్దున్నే ఇడ్లీలు పంపుతుంది. చట్నీ వేస్తూ, “బాబూ, మా పట్టాలు” అంటోంది ఇప్పుడు.

ఆదివారం ఆదివారం వీరబాబూ, నాగదుర్గా ఆయన్ని చూడ్డానికి వస్తారు. మొదట్లో బంధువులు కూడా వస్తామన్నారట గానీ, గేటు దగ్గర ఇద్దరిద్దర్నే వదులుతారు. కొత్త దంపతులకి ఆ నియమం సరిగ్గా సరిపోయింది.